అట్టతో చేసిన ఇల్లు

ఇళ్లన్నీ యంత్రాలే గీస్తున్న కాలంలో, పార్వతీపురంలోని ఒక జూనియర్ కాలేజీలో భవన రూపకల్పన కోర్సు ఇంకా మిగిలి ఉంది. దాన్ని చెప్పేది అరుంధతి ఒక్కర్తే. వచ్చే ఏడాదికి అట్టలు, కత్తెరలు, జిగురు కావాలని ఆమె అడిగితే ప్రిన్సిపాల్ అప్పలస్వామి విసుక్కున్నాడు.

"నోటితో చెబితే యంత్రమే ఇల్లు గీసిచ్చేస్తాది కదమ్మా! ఈ అట్టలెందుకు? కోర్సే ఎత్తేద్దామంటన్నారు పైవాళ్లు."

ఏటా ఇదే మాట వింటున్న ఆమెకు వాదించే ఓపిక లేకపోయింది. సాయంత్రం బజారుకు వెళ్లి, కొట్ల ముందు పడేసిన ఖాళీ పెట్టెలు ఏరుకొచ్చింది. మర్నాడు ఎవరికి వాళ్లు తమ ఇంటివాళ్లకు సరిపడే ఇల్లు అట్టతో చేయమని పిల్లలకు చెప్పింది. వాళ్లు తాము చెబితే యంత్రం గీసిన బొమ్మలు ముందు పెట్టుకుని, ఉన్న రెండు కత్తెరలనే పంచుకుంటూ గోడలు కోయసాగారు.

అప్పుడే ప్రిన్సిపాల్ వచ్చాడు. చిన్మయి అనే అమ్మాయి, బొమ్మలో లేని కిటికీ ఒకటి వంటగది గోడకు కోస్తోంది.

"అక్కడెందుకే కిటికీ?" అన్నాడాయన.

"మా అమ్మకి చెవులు వినపడవు సార్. వంట చేస్తంటే గుమ్మంలోకి ఎవరొచ్చారో తెలీదు. ఇలాగైతే అగుపిస్తారు."

"ఆ మాటే యంత్రానికి చెబితే అదీ గీసేది కదా!"

"చెప్పాలని తోచలేదు సార్. కోస్తంటే తోచింది."

ఆయన వంగి ఆ కంతలోంచి గుమ్మం వైపు చూశాడు. తర్వాత లేచి, ఏమేం కావాలో మళ్లీ చెప్పమని అరుంధతిని అడిగాడు.

అరుంధతి కాగితం తీసి, "ముందు కత్తెరలు సార్" అంది.