తోమిన తుపాకీ

"ఎవరు తోమమన్నారయ్యా నిన్ను?"

చెన్నకేశవరావు తుపాకీని కిటికీ వెలుతురులో తిప్పి చూస్తూ అడిగాడు. గోల్‌బజార్‌లో ఆయనది లైసెన్సున్న తుపాకుల దుకాణం. అమ్మకానికి పెట్టిన ఈ పాత తుపాకీని చూడడానికి రిక్షా కట్టించుకుని నిమ్‌పురాలో జగ్గారావు ఇంటిదాకా వచ్చాడు.

"ఎవులూ సెప్పనేదు. నానే సేసినాను," అన్నాడు జగ్గారావు. "ముప్పై ఏళ్ళు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు పని బాబూ. ఇన్స్‌పెక్షనుకి దొరలొస్తే మరమేకులతో సహా తోమీసీవోళ్ళం. తవరొస్తన్నారని దీన్నీ తోమినాను."

నాలుగు రోజులు పట్టింది. గరుకు కాగితంతో రుద్దాడు. గొట్టాన్ని మందునీళ్ళలో ఉడకబెట్టి నల్లరంగు ఎక్కించాడు. తుపాకీ నిన్ననే ఫ్యాక్టరీలోంచి దిగినట్టుంది.

"ట్రిగ్గరు కింద చూడు," అన్నాడు చెన్నకేశవరావు. " గోరంత పాతరంగు మిగిలింది. ఆ తేనెరంగు రావడానికి అరవై ఏళ్ళు పట్టింది. పాత తుపాకులు సేకరించే కలకత్తావాళ్ళు కొనేది దాన్నే. అది ఉంటే రెండువేలు ఇప్పించేవాణ్ణి. ఇప్పుడు రెండొందలకి కూడా ఎవడూ ముట్టడు."

జగ్గారావు కొడుకు నూకరాజు తల పట్టుకున్నాడు. మలంచాలో సైకిల్ షాపు పెట్టుకోవాలని వాడి కోరిక. తుపాకీ అమ్మడానికి తండ్రిని ఒప్పించేసరికి ఏడాది పట్టింది. పెట్టె తాళం తండ్రి మొలతాడుకే ఉండేది. వాడు తుపాకీని చూడడమే ఇది మొదటిసారి.

"ఏటి నాన్నా ఇది! నన్నొక్క మాట అడగొచ్చు కదా!"

"నీకేటి తెలుసురా."

"సరే, దీనికో కథ ఉంటే చూద్దాం. ఎవరిచ్చారు?" అన్నాడు చెన్నకేశవరావు.

"ఫోర్‌మన్ దొర. దేశం ఒగ్గీసి ఎల్లిపోతా ఇచ్చినాడు. నా పని మెచ్చి."

"మాయమ్మ సింహాచలమ్మ వంటన్నా దొరకి పేణం బాబూ," నూకరాజు ఆశగా అందుకున్నాడు. "ఆ బంగళాలో మాయమ్మే వండీది."

చెన్నకేశవరావు తుపాకీ తిరగేశాడు. వెనక చెక్కలో చిన్న వెండి పలక ఉంది. దాని మీద వేలితో తడిమాడు.

"ఇక్కడ పేర్లు చెక్కిస్తారు. ఇచ్చినవాడిదీ, పుచ్చుకున్నవాడిదీ. అవి ఉంటే రంగు పోయినా వెయ్యి పలికేది. ఏముండేది?"

"గుర్తు నేదు బాబూ."

"అన్నింటికన్నా దీన్నే ఎక్కువ రుద్దావు కదయ్యా!"

చెన్నకేశవరావు చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. రిక్షా మలుపు తిరిగేదాకా ఆగి నూకరాజు తండ్రి మీద విరుచుకుపడ్డాడు.

"అమ్మ పోయిన కాణ్ణుంచి నీకు మతి పోనాది! దొర నీ పేరు రాయించి ఇస్తే, ఆ పేరే గీకీసుకుంటావా? నా షాపు మంట కలిపీసినావు!"

జగ్గారావు తుపాకీని గోనెపట్టాలో చుట్టాడు. పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

దొర ఆ పలక మీద చెక్కించింది సింహాచలమ్మ పేరు.