రెండో సున్నం పొట్లం

హలో, అందరికీ నమస్తే, వందనాలు. ఫోన్లో నా గొంతు వింటున్నట్టే చదవండి. కథ అయ్యాక నేనేం మాట్లాడను. అందుకని ముందే అడుగుతున్నా, మనసుకు తగిలితే ఇంకొకరికి పంపండి.

"రెండు పొట్లాలెందుకు తెచ్చినవ్?" సున్నం నానబెడుతూ అడిగింది రూతమ్మ. "మనకున్నది అత్తమ్మ సమాధి ఒక్కటే కదా."

"మిగిలితే గోడకేద్దాం," అన్నాడు ఆమె భర్త దేవదానం. కుడిచెయ్యి జేబులోనే ఉంది.

తెల్లవారితే ఈస్టర్. ఎల్బీ నగర్‌లో వాళ్ళ సంఘం వాళ్ళంతా ముందురోజే తమవాళ్ళ సమాధులకు సున్నం వేసి, పండుగనాడు చీకటితో వెళ్ళి కొవ్వొత్తులు వెలిగిస్తారు.

"తెలంగాణ బంద్‌ల పొద్దుగాల పోయి, ఇప్పుడా ఒచ్చేది? దిల్‌సుఖ్‌నగర్‌ల నీ కుట్టు దుకాణం గూడ తెరవకపోతివి."

"దోస్తు సాంబమూర్తి ఇంట్ల కూసున్న. టీవీల గా సినిమా ఒచ్చింది."

"పాస్టరయ్య చూడొద్దన్న సినిమానా? చెప్పులకు గా బురదేంది?"

"బస్సుల్లేవు కదా, అడ్డదారిన ఒచ్చిన. యెరూషలేంల సమాధి దొరికిందంట రూతమ్మా. రాతిపెట్టె మీద యేసయ్య పేరున్నదంట. ఆయన లేవలేదు, బొక్కలు, ఎముకలన్ని గాడ్నే ఉండె అంటున్నరు."

రూతమ్మ నవ్వింది. "పేరుంటే అయిపాయెనా? మన సంఘంలనే నలుగురు దేవదానాలున్నరు."

అతను నవ్వలేదు. "ఒకవేళ నిజమైతే? బొక్కలు తెచ్చి నీ ముంగట పెడితే నమ్ముతవా?"

"నమ్మ. ఆ పొద్దు ఆడోళ్ళు పోయి చూస్తే సమాధి ఖాళీ. ఖాళీ అంటే బతికున్నట్టే. మన సుధీర్ గూడ గంతే."

సుధీర్ వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు. దసరా తర్వాత ఉద్యమం ఊరేగింపుకని వెళ్ళి తిరిగి రాలేదు. ఆమె రోజూ వాడి కంచం కూడా కడిగి బోర్లిస్తుంది. వాడి పేరున ఒక సమాధి రాయి పెట్టుకోమన్న సంఘపెద్దతో మాటలు మానేసింది.

"ఆడు ఆకలికి ఓర్వడు, గదే నా బాధ," అంది. "మెడల నేనేసిన వెండి సిలువ ఉన్నది. చిన్నప్పుడు పండ్లతోని కొరికి ఒక కొన వంకర చేసిండు, యాదున్నదా? అదైతే తీయడు."

జేబులో దేవదానం పిడికిలి బిగుసుకుంది. "సినిమావోళ్ళు గా బొక్కలకు పరీక్షలు గూడ చేసిండ్రంట రూతమ్మా..."

"నువ్వు గా సినిమా చూసి పరేషాన్ అయినవు. నీ అనుమానం నీ దగ్గర్నే పెట్టుకో, నాకియ్యకు." ఆమె సున్నం గట్టిగా కలిపింది. "రేపు కొవ్వొత్తి ముంగట నేనడిగేది ఒక్కటే. ఈ పండుగకన్నా ఆణ్ణి తోలుకరమ్మని."

అతను జేబులోంచి చెయ్యి సగం బయటికి తీశాడు. ఆమె ముఖం చూసి మళ్ళీ లోపల పెట్టుకున్నాడు.

"అబద్ధమే అయ్యుంటది," అన్నాడు చివరికి. "సినిమావోళ్ళకేం తెలుసు."

"గట్లను." రెండో పొట్లం ఎత్తి అటక మీద పెట్టింది. "ఇది గోడకే. ఆడొచ్చేసరికి ఇల్లు తెల్లగుండాలె."

దేవదానం ఎడంచేత్తో సున్నం బకెట్ ఎత్తుకుని బయటకు నడిచాడు.

కుడిచేతిలోని మట్టిపట్టిన వెండి సిలువకు ఒక కొన వంకర.