గుమ్మం పక్క మీటరు

ఉగ్రవాదానికి మూలం పేదరికమూ కాదు, మతమూ కాదు, అవమానమేనని ప్రొఫెసర్ సులోచన జీవితమంతా పరిశోధించి తేల్చింది. ప్రభుత్వం ఆ మాట పట్టుకుని ప్రతి గుమ్మానికీ, కరెంటు మీటరు పక్కనే, ఇంట్లోవాళ్ల అవమానాన్ని కొలిచే మీటరు బిగించింది. దానిమీద ఎర్రలైటు వెలిగితే చాలు, చట్టం దృష్టిలో ఆ ఇంటి మనిషి ఉగ్రవాదే.

ఒక సాయంత్రం సులోచన బెండకాయలు తరుగుతుంటే ఎదురింటి తలుపు పగిలిన చప్పుడైంది. చేతిలో కత్తితోనే బయటికొచ్చింది. ఎదురింటి మీటరు మీద ఎర్రలైటు వెలుగుతోంది. ఎదురింటి లిఫ్ట్ మెకానిక్ సాయిలు జుట్టు పట్టుకుని ఎస్సై అతని తలను మెట్లకేసి కొడుతున్నాడు. రాలిన పళ్లతో పాటు నెత్తురు కింది మెట్టుకు జారుతోంది.

"నేనేం జేయలే సార్," అన్నాడు సాయిలు. "నేను బాగుజేసిన లిఫ్టులకెల్లి నన్నే దిగుమన్నరు. మనసు చివుక్కుమన్నది, గంతే."

"ఆపండి. మీరు కొట్టేకొద్దీ ఆ మీటరు ఇంకా పెరుగుతుంది," అంది సులోచన.

"అవమానపడ్డోడు ఊకోడని మీ పుస్తకంలనే ఉన్నది గద మేడమ్," అంటూ ఎస్సై సాయిలు చెయ్యి వెనక్కి విరిచాడు. ఎముక ఫట్‌మంది.

ఆమె అడ్డం పడింది. ఎస్సై ఆమె చెంప మీద లాగి కొట్టాడు. అపార్ట్‌మెంటంతా గుమ్మాల్లో నిలబడి చూసింది.

సులోచన వెనక, ఆమె మీటరు ఎర్రగా వెలిగింది.

ఎస్సై లైటును చూసి, ఆమె చేతిని చూసి, ఒక అడుగు వెనక్కి వేశాడు. "మీరు రాసింది నిజమే మేడమ్," అన్నాడు.

ఆమె కూడా తన చేతిని చూసుకుంది. కత్తి కింద పడేయాలని ఆమెకు అనిపించలేదు.