సీటొస్తే సేర్తావా, పాపా?

"మార్కులెన్ని వచ్చినాయి పాపా?"

శ్రీకరి తల తిప్పి చూసింది.

పక్క కుర్చీలో ఎవరో పల్లెటూరి ఆమె. నలిగిన నూలు చీర, దువ్వుకోని జుట్టు. వచ్చి కూర్చుందో లేదో, అప్పుడే ఆరా.

శ్రీకరి చూపు ఆఫీసు తలుపు మీదికి మళ్ళించింది.

ఇంటర్ ఫలితాలు వచ్చినప్పటి నుంచీ ఆ ప్రశ్న వింటేనే ఆమెకు గుండె దడ. తండ్రి దేవనాథన్ తిరుపతిలో పేరున్న లెక్కల సారు. ఆయన దగ్గర చదివిన పిల్లలంతా వందకు దగ్గరగా తెచ్చుకుంటారు. ఆయన కూతురికి మాత్రం ఫిజిక్సులో అత్తెసరు మార్కులు.

యూనివర్సిటీ ఎంట్రెన్స్ బాగానే రాసింది. ఇంటర్వ్యూలో ఫిజిక్సు సంగతి అడిగితే దాచలేదు. "పేపరు చూడగానే చేతులు వణికినాయి సార్. తెలిసినవి కూడా రాయలేకపోయినాను" అంది.

కానీ దేశమంతా పోటీపడే యూనివర్సిటీ అది. సీట్లన్నీ నిండిపోయాయి. వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు శ్రీకరిది. ఎవరైనా మానుకుంటేనే ఆ మొదటి పేరుకు విలువ.

అడ్మిషన్లకు ఈరోజే ఆఖరు. ఆశ చావక తండ్రీ కూతుళ్ళు పొద్దున్నే రేణిగుంట దాటి వచ్చి, ఆఫీసు వరండాలో కూర్చున్నారు. దేవనాథన్ ఇప్పుడే టీ తెస్తానని క్యాంటీనుకు వెళ్ళాడు.

"నిన్నే పాపా. తక్కువొచ్చినాయా?"

"ఆ. తక్కువే."

"అటెండరు సెప్పినాడు. వెయిటింగులో మొదటి పేరు నీదేనంట గదా?"

"నాదే."

ఆమె కుర్చీలో కాస్త ముందుకు జరిగింది. శ్రీకరి ముఖాన్ని పరీక్షగా చూసింది.

"సీటొస్తే సేర్తావా, పాపా?"

"చేరకుండా ఈడెందుకు కూర్చుంటాను?"

"అట్ల గాదు. సేరినాక ఇంకో దానికి పోతానని మద్దెలో ఇడిసిపెట్టవు గదా? తక్కువ మార్కులదని ఎవురన్నా ఎగతాళి సేస్తే, ఏడ్సుకుంటా ఇంటికొచ్చేయవు గదా?"

శ్రీకరికి ఒళ్ళు మండింది.

"నీకెందుకమ్మా ఇదంతా? మీ ఇంట్లో చదువుకునేవాళ్ళు ఎవరైనా ఉండారా? అసలు సీటంటే ఏందో తెలుసా నీకు?"

ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంది.

"నేను సదువుకోలేదులే పాపా" అంది, నేలవైపు చూస్తూ.

అంతలో అటెండరు తలుపు తీశాడు.

"మునెమ్మా! సారు రమ్మంటా ఉండారు."

ఆమె లేచి లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది.

దేవనాథన్ టీ గ్లాసులతో వచ్చాడు. "ఎవురామె?"

"ఏమో నాయనా. తల తినేసింది."

టీ చల్లారిపోయింది. ఇద్దరూ తాగలేదు.

చాలాసేపటికి మునెమ్మ బయటికి వచ్చింది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. నేరుగా శ్రీకరి ముందుకు వచ్చి నిలబడి, తలమీద చెయ్యి పెట్టబోయింది.

శ్రీకరి తల పక్కకు జరుపుకుంది.

గాలిలో ఆగిన చేతిని ఆమె మెల్లగా వెనక్కి తీసుకుంది.

"బాగా సదువుకో పాపా."

మెట్లు దిగి వెళ్ళిపోయింది.

"అదేందే, దీవించే మనిషిని అట్ల తప్పించుకుంటావు?" అన్నాడు దేవనాథన్.

శ్రీకరి ముఖం తిప్పుకుంది.

ఆ వెంటనే అటెండరు మళ్ళీ వచ్చాడు. ఈసారి పిలిచింది శ్రీకరి పేరే.

లోపల అడ్మిషన్ల అధికారి రామచంద్ర కంప్యూటర్ వైపు చూస్తూ అన్నాడు. "ఒక సీటు ఖాళీ అయింది. చేరతావా అమ్మా?"

శ్రీకరి గట్టిగా తల ఊపింది.

దేవనాథన్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఫలితాలు వచ్చిన రోజు నుంచీ కూతురితో సరిగా మాట్లాడని మనిషి. ఇప్పుడు ఆ చెయ్యి వదల్లేదు. కళ్ళు తుడుచుకోవడానికి కూడా వదల్లేదు.

పని ముగించుకుని బయటికి రాగానే శ్రీకరికి ఎదురుగా మునెమ్మ కూర్చున్న కుర్చీ కనిపించింది.

అంతవరకూ ఉన్న సంతోషం చప్పున తగ్గింది.

"నాయనా, సీటొచ్చిందని ఆమెకు చెప్పొస్తాను. ఊరికే కసురుకున్నాను పాపం."

గేటుదాకా పరుగెత్తింది. రోడ్డుమీద ఎవరూ లేరు.

"ఆయమ్మ ఇప్పుడే బస్సెక్కి పోయింది" అన్నాడు వాచ్‌మన్. "ఏడ్చుకుంటా పోయింది. ఏమైంది తల్లీ?"

శ్రీకరి వెనక్కి వచ్చి రామచంద్ర గది ముందు నిలబడింది.

"సార్, ఇందాక వచ్చినామెది ఏ ఊరు? ఆమెను అనరాని మాట అనేసినాను."

రామచంద్ర కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టాడు.

"ఐరాల దగ్గర పల్లె. సేద్యం చేసుకునేవాళ్ళు."

"ఆమెకు ఈడేం పని సార్?"

"సీటు వద్దని చెప్పేదానికి వచ్చింది. ఫోన్ చేసింటే చాలు గదమ్మా అన్నాను. 'ఫోన్‌లో సెప్తే మీరు నమ్ముతారో లేదో సామీ, ఈ పొద్దు దాటితే ఇంక ఎవురికీ ఇయ్యరంట గదా' అనింది."

"ఎవరి సీటు సార్?"

"వాళ్ళ పాపది. ఆ పిల్లకూ నీ మాదిరే మార్కులు తక్కువ. ఇంటర్వ్యూలో మెప్పించి తెచ్చుకునింది."

శ్రీకరి తలుపు పట్టుకుంది.

"అంత కష్టపడి తెచ్చుకున్నది ఎందుకు వద్దనుకున్నారు సార్?"

రామచంద్ర కళ్ళద్దాలు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"పోయిన వారం డెంగీ జ్వరంతో ఆ పాప చనిపోయిందమ్మా. దినాలు కూడా కాకముందే, బిడ్డ సీటు ఖాళీగా పోకూడదని, నీకు ఇప్పించేదానికి వచ్చిన తల్లి ఆమె."