రెండున్నరకు ఆగే మిషన్

"నిన్న అన్నం తినలే. మొఖం గుంజుకపోయింది."

పాట మధ్యలో ఫోన్ మీద ఆ కామెంటు చూసి హారిస్ వేళ్ళు కీబోర్డు మీదే ఆగిపోయాయి.

నిజమే. నిన్న తినలేదు. ఆ సంగతి తనకు తప్ప ఎవరికీ తెలియదు.

తాండూరులో బండల పాలిష్ మిషన్ పైన, ఒంటి గది. హైదరాబాద్‌లో ఉద్యోగం పోయాక మర్పల్లిలో అమ్మకు మొహం చూపించలేక ఇక్కడ దిగాడు. రోజూ మధ్యాహ్నం రెండున్నరకు ఫోన్ ముందు కూర్చుని తన ఒంటరితనం మీదా, భయాల మీదా, ఫోన్ పిచ్చి మీదా నవ్వు పాటలు కట్టి లైవ్‌లో పాడతాడు. చూసేది పదిమందో పన్నెండుమందో. లోకంతో అతనికి మిగిలిన చుట్టరికం అంతే.

మొదటి వారంలో పాట మధ్యలో కింద మిషన్ గర్రుమంటే, చెవులు మూసుకుని కెమెరా ముందే ఏడ్చేశాడు.

అదేం అదృష్టమో, మర్నాటి నుంచి మిషన్ సరిగ్గా రెండున్నరకు ఆగిపోతోంది. మళ్ళీ మూడింటికే మొదలు. పనివాళ్ళ లంచ్ టైం మారిందనుకున్నాడు.

ఆ రోజు నుంచే ఈ ఖాతా కూడా వస్తోంది. ఫొటో లేదు. పేరు లేదు. 4471 అని అంకెలు మాత్రమే.

అందరూ పాట బాగుందనో, చెత్తగా ఉందనో రాస్తారు. 4471 పాట ఊసే ఎత్తడు. నవ్వడు, లైకు కొట్టడు.

"రాత్రంత లైటు ఎల్గుతనే ఉన్నది. పండుకోలేదా?"

"మూడు దినాలాయె కిందికి దిగలేవు."

గోడలకు చెవులుంటాయంటారు. తన గది గోడలకు కళ్ళున్నాయని హారిస్‌కు అనిపించసాగింది. కిటికీకి దుప్పటి కట్టాడు. ఫ్యాన్ మీద, బల్బు వెనకాల కెమెరా ఉందేమోనని వెతికాడు.

మర్నాడు మళ్ళీ వచ్చింది.

"కిటికీ ఎందుకు మూసినవ్? జర గాలి రానియ్యి."

భయపడ్డవాడు ఊరుకుంటాడా? పాట కట్టాడు.

"రెండున్నరకు మిషన్ బందు,
దయ్యం వచ్చి కూసుంటది ముందు.
తిన్నవా అంటది, పన్నవా అంటది,
నవ్వమంటె మాత్రం నోరు మూస్తది!"

పాడటం అయిపోగానే 4471ను బ్లాక్ చేశాడు. సాయంత్రానికి ఆ పాట తాండూరంతా పాకింది. పది మంది కాస్తా పదివేల మందయ్యారు.

బుధవారం రెండున్నరకు ఎప్పటిలాగే మిషన్ ఆగింది. హారిస్ హుషారుగా లైవ్ మొదలుపెట్టాడు.

మెట్ల మీద అడుగుల చప్పుడు.

తలుపు మీద మూడు దెబ్బలు.

"ఎవరు?"

జవాబు లేదు. మళ్ళీ మూడు దెబ్బలు.

"ఎవరని అడుగుతున్న గదా! మాట్లాడకపోతే పోలీసులకు ఫోన్ చేస్త!"

జవాబు లేదు. మళ్ళీ మూడు దెబ్బలు, అంతే నిదానంగా.

హారిస్ మంచం మీద ముడుచుకుపోయాడు. చూసేవాళ్ళు ఇదీ ప్రోగ్రాంలో భాగమే అనుకుని పడీపడీ నవ్వారు. కాసేపటికి అడుగులు కిందికి దిగిపోయాయి.

గురువారం మిషన్ ఆగలేదు.

శుక్రవారమూ ఆగలేదు. శనివారమూ ఆగలేదు. పదివేల మంది ఎదురుచూస్తుంటే ఒక్క పాట పాడలేకపోయాడు.

ఆదివారం మధ్యాహ్నం గడియ తీశాడు. గుమ్మం పక్కన స్టీలు డబ్బా. అందులో రెండు జొన్నరొట్టెలు, చీమలు పట్టి ఉన్నాయి.

డబ్బా పట్టుకునే కిందికి దిగాడు. మేస్త్రీ మొగులప్ప ఒక్కడే మిషన్ కడుగుతున్నాడు.

"అన్నా, మీ లంచ్ టైం మారిందా? రెండున్నరకు మిషన్ ఆపుతలేరు."

"మేము ఒంటిగంటకే తింటం గదా తమ్మీ."

"మరి గిన్నాళ్ళు ఎందుకు ఆగింది?"

"మిషన్ నడిపే బిచ్చయ్య ఆపేటోడు, నువ్వు చెవులు మూసుకోని ఏడ్సింది ఫోన్ల చూసిన కాన్నుంచి. నీళ్ళ పైపు జామైందనీ, పాలిష్ బిళ్ళలు మార్చాలెననీ, రోజుకో సాకు. గా మూలకు కూసోని అరగంట ఫోన్ల నీ మొఖమే చూసేటోడు."

హారిస్ తలెత్తి పైన తన కిటికీ వైపు చూశాడు.

"నన్నెందుకు?"

"నీ కంటె ముందు గా గదిల ఒకాయన ఒక్కడే ఉండె. సచ్చిపోతె మూడు దినాలు మాకెవ్వరికి తెల్వలే. తలుపు పగలగొట్టి చూసింది బిచ్చయ్యనే. 'పిల్లగాడు ఒక్కడే ఉంటడు, రోజొక్కసారి చూడాలె' అనేటోడు."

"ఇప్పుడు ఏడున్నడు?"

"నీ పాట సేటు గూడ చూసిండు. రెండున్నరకు మిషన్ ఎందుకు బందైతున్నదని అడిగి, బుధవారం పొద్దుమీకి పనిలకెల్లి తీసేసిండు. బషీరాబాద్ దిక్కు బిడ్డ ఇంటికి పోయిండంట. ఫోన్ల నువ్వు కనవడకపోతె పైకి తెచ్చిండు, ఆ డబ్బా ఆయనదే."

హారిస్ డబ్బాను రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు ఆగలేదు.

"నంబర్ ఇయ్యి అన్నా. ఫోన్ చేసి మాఫీ అడుగుత."

మొగులప్ప పైపు కింద పెట్టాడు.

"ఫోన్ల ఏం అడుగుతవ్ తమ్మీ? గీ మిషన్ పక్కన నిలవడి నిలవడి ఆయనకు చెవులు పోయి ఎనిమిదేండ్లాయె. నీ పాట ఒక్కటి గూడ ఆయన వినలే."