సోమవారం సీసా

"ఇవి పెందుర్తి నూతి నీళ్ళా? హాస్టల్ కుళాయి నీళ్ళు పట్టుకొచ్చావా?" రీసెర్చ్ గైడు రిపోర్టును బల్ల మీద పడేశారు.

ఫిజాకు ఒళ్ళు మండింది. ఆ నూతి నీళ్ళు తాగే కాలనీలో పిల్లలు వాంతులతో మంచాన పడుతూనే ఉన్నారు. అయినా ప్రతి సోమవారం తను తెచ్చే సీసాలో బ్యాక్టీరియా జాడే ఉండదు. సీసాలు మార్చింది, ఐసు పెట్టె మార్చింది. చివరికి యూనివర్సిటీ మంచినీటి పరిశోధన కేంద్రం విద్యార్థులకిచ్చే అవార్డుల జాబితాలోంచి తన పేరే కొట్టేశారు.

ఆ కోపంతో ఆదివారం సాయంత్రమే కాలనీకి వెళ్ళింది.

నూతి గట్టు మీద వంగి పైడితల్లి బక్కెట్టులో ఏదో కలుపుతోంది. ప్రతి వారం తనకు నీళ్ళు తోడిచ్చేది ఆవిడే. బ్లీచింగ్ వాసన గుప్పుమంది.

"ఏం చేస్తున్నారు ఆంటీ?" ఫిజా దాదాపు అరిచింది.

పైడితల్లి ఉలిక్కిపడి, నవ్వేసింది. "రేపు నువ్వొత్తావు కదమ్మా. నీళ్ళు బాగోకపోతే నీ సదువు పాడైపోదేటి?"

"నా చదువు పాడైందే దీనివల్ల! నూతిలో వేసేదేదో రోజూ వెయ్యొచ్చు కదా?"

"ఉన్నది ఈ ఒక్క డబ్బాయేనమ్మా. రోజూ ఏసేత్తే నీకు మిగలొద్దేటి? అందుకే నాను ఆదివారాలే ఏత్తన్నాను."

పైడితల్లి డబ్బా మూత గట్టిగా బిగించింది.

"మిగతా రోజులంటావా, తాగేది మేవే కదమ్మా!"