నాంపల్లి దాకా గరగర

"నీ గరగర బంద్ చేస్తవా, కొత్వాలుకు చెప్పమంటవా?"

వామన్‌రావు గుమ్మం బయటే నిలబడి అరిచాడు. లోపలికి రాడు. ఆబిడ్స్ వెనక సందులో ఆ రెండిళ్లకూ నల్లా ఒక్కటే. నీళ్ల దగ్గర మొదలైన తగువు ముదిరి, ఒకరి గడప ఒకరు తొక్కకూడదని ఒట్లు పెట్టుకునే దాకా వచ్చింది.

సదాశివ తలెత్తలేదు, మీట మీది వేలూ తీయలేదు. బల్ల మీద పాత మోటారుకారు కాయిల్ చిటపటమని నిప్పురవ్వలు రాలుస్తోంది. రవ్వ పుట్టినప్పుడల్లా కంటికి కనిపించని తరంగం ఒకటి గాల్లోకి పోతుంది. మూలనున్న బొమ్మ విమానంలోని చిన్న యంత్రానికి అది తగిలితే, విమానం తోక పక్కకు తిరుగుతుంది. అదే తరంగం చుట్టుపక్కల ఏ రేడియోకు తగిలినా వార్తలు పోయి గరగర వస్తుంది.

పంతొమ్మిది వందల ముప్ఫై ఎనిమిదిలో ఆ సందు మొత్తానికి మిద్దె మీద రేడియో ఏరియల్ తీగ ఉన్నది వామన్‌రావుకే. నాంపల్లి స్టేషన్లో సామాన్ల గుమాస్తా. పొరుగువాళ్లు ఊరికే వింటారని కిటికీలు బిగించుకుని రేడియో పెట్టుకుంటాడని అందరూ చెప్పుకునేవారు. అంతటి పిసినారి.

"ఢిల్లీ వార్తలు ఒక్క ముక్క ఇననిస్తలేడు," అని సందంతా వినేలా మరోసారి అరిచి పోయాడు.

సదాశివకు ఒళ్లు మండింది. ఆ మంట వెనకే చిన్న సంతోషం కూడా కలిగింది. తిట్టు వచ్చిందంటే తరంగం గోడ దాటిందన్నమాట.

గ్రామఫోన్లు బాగుచేసి బతికే సదాశివ రెండేళ్లుగా ఆ విమానం మీదే పడ్డాడు. నిర్మల్ బొమ్మలు చేసే తేలికైన పునికి కర్రను చెక్కి, కింద చక్రాలకు బదులు పడవల్లాంటి రెండు కాళ్లు పెట్టాడు. వెదురు పుల్లల రెక్కలకు పట్టుబట్ట అంటించి వార్నిష్ పూశాడు. బొంబాయి నుంచి బుల్లి పెట్రోలు ఇంజను తెప్పించాడు. మొదటిసారి హుస్సేన్‌సాగర్‌లో వదిలితే కాళ్లు నీటికి అతుక్కుపోయి లేవనే లేదు. చూసినవాళ్లు పడీపడీ నవ్వారు. కాళ్ల అడుగున మెట్టులా కోసి, నీటికీ కర్రకీ మధ్య గాలి దూరేలా చేశాక లేచింది. తోకను ఒక పక్కకు కట్టేసి వదిలితే, గుండ్రంగా తిరిగి వచ్చి నీళ్ల మీదే వాలింది. ఇక ఒడ్డు నుంచి చెప్పినట్టు వినడం ఒక్కటే మిగిలింది.

బేగంపేటలో విమానాల మరమ్మతు చూసే ఇంజనీరు ఒకాయన మాట ఇచ్చాడు. దూరం పోయి, పిలవగానే తిరిగొచ్చిందా, వర్క్‌షాపులో నౌకరీ. లేదా, మళ్లీ తనకు మొహం చూపించొద్దు. ఆ నౌకరీ మీదే సదాశివ ప్రాణమంతా.

తరంగం ఎంత దూరం పోతుందో తేల్చాలంటే ఒకరు మీట నొక్కాలి, మరొకరు విమానం పట్టుకుని దూరంగా నిలబడి తోకను చూడాలి. సదాశివ నోటికి దడిసి ఎవరూ అతని పక్కకు చేరరు. అయితే అలాంటి తోడు అవసరమూ రాలేదు.

ఎందుకంటే ఆ నెలలోనే వామన్‌రావు నాంపల్లి స్టేషన్ పక్కన కిరాయి ఇంటికి మారాడు. పీడ వదిలిందనుకున్నాడు సదాశివ. వారం తిరక్కుండానే ఆబిడ్స్ ఇరానీ హోటల్లో, పదిమంది చాయ్ తాగుతుండగా ఆ పీడ ఎదురొచ్చింది.

"ఇల్లు మారినా నిన్ను తప్పించుకోరాకపాయె. గాడ నాంపల్లిల గూడ నా రేడియో గరగరే. నిన్న మాపటికి ఒక్క ముక్క సమజైతె ఒట్టు."

హోటల్లోని తలలన్నీ వామన్‌రావు వైపు గౌరవంగా తిరిగాయి. సదాశివ మాత్రం ఎగిరి గంతేయబోయి ఆగాడు. నాంపల్లి దాకా పోతోంది.

"ఇనబడకుంటె చెవులు కోసుకో," అన్నాడు పైకి. వామన్‌రావు సాసరు విసిరాడు. అది గోడకు తగిలి పగిలింది.

సదాశివ తన కాయిల్ నుంచి తరంగాన్ని గాల్లోకి వదిలే తీగను ఇంకాస్త ఎత్తుగా కట్టాడు. మరుసటి వారం వామన్‌రావు అదే హోటల్లో మరింత గట్టిగా తిట్టాడు. ఇంకేం కావాలి?

సెలవు చూసుకుని శుక్రవారం పొద్దున ఇంజనీరు హుస్సేన్‌సాగర్ కట్ట మీదికి వచ్చాడు. విమానం నీళ్లను చీల్చుకుంటూ పరుగెత్తి లేచింది. కాయిల్‌నూ తీగనూ కట్ట మీదే అమర్చుకున్న సదాశివ మీట నొక్కాడు. ఎడమకు తిరిగింది. ఇంజనీరు మెచ్చుకోలుగా తల ఊపాడు. ఇప్పుడే పిలవమన్నాడు. ఇంకా దూరం పోనిచ్చి పిలుస్తానన్నాడు సదాశివ, ఛాతీ విరుచుకుని.

పోనిచ్చాడు. ఆబిడ్స్ నుంచి నాంపల్లికి ఉన్నంతలో సగమైనా పోలేదు. మీట నొక్కాడు. తోక కదల్లేదు. మళ్లీ నొక్కాడు. వేలు వాచేలా నొక్కుతూనే ఉన్నాడు. విమానం అలాగే పోయి, పెట్రోలు అయిపోయాక ఒక రెక్క మీద పడి నీళ్ల నడుమ మునిగిపోయింది.

గాలిపటం ఎగరేసుకో, దానికి దారమైనా ఉంటుందని చెప్పి ఇంజనీరు కారెక్కాడు.

సదాశివ ఇంటికొచ్చి కాయిల్ విప్పి చూశాడు. ఏ లోపమూ లేదు. కూర్చుని ఆలోచించాడు. తన విమానం అందుకోలేని తరంగాన్ని ఆ దుర్మార్గుడి రేడియో నాంపల్లిలో కూర్చుని అందుకుంటోంది. అయితే గొప్పతనమంతా ఆ రేడియోదే. దాని లోపల ఏముందో చూస్తే, అలాంటిదే చిన్నది చేసి ఇంకో విమానంలో పెట్టి, ఇంజనీరు కాళ్లు పట్టుకోవచ్చు.

పౌరుషం దిగమింగి నాంపల్లి పోయాడు. ఒట్టు గట్టున పెట్టి, జీవితంలో మొదటిసారి వామన్‌రావు గడప తొక్కాడు. వామన్‌రావు డ్యూటీలో ఉన్నాడు. అతని భార్య సౌభాగ్య ఈ మనిషిని చూసి బెదిరి రెండడుగులు వెనక్కి వేసింది. సదాశివ చేతులు జోడించాడు.

"కొట్లాటకు రాలే చెల్లె. మీ రేడియో ఒక్కసారి సూపియ్యి. గంత దూరంకెల్లి ఎట్ల పడుతున్నదో సూసి పోత."

సౌభాగ్య అయోమయంగా అతని మొహంలోకి చూసింది.

"మిద్దె మీద తీగె అయితె గట్టిన్రు గాని అన్నా, రేడియో ఇంకా కొననే లేదు."